గోపాలపురపు ఒడ్డున రామదాసులు, ఉల్లంకులు

(ఈ మాఘమాసమున మన సంఘ భవనమందు జరిగిన మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము పక్షులని ప్రకటనలో చూచి కొందఱు మిత్రులు నన్ను వాకిటనే ఆపి, "ఏమండీ, నూలు ధర చెప్పుట మాని పిట్టల సంగతి పట్టినారేమి?" అని హాస్యమాడిరి. వారి ప్రశ్న న్యాయమైనదే. నేను పక్షిశాస్త్రము చదివినవాడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, వలనూలు, త్రాళ్ళు అమ్ముకొని బ్రతుకువాడను. అయినను ఈ విషయమును మీ ముందుంచుటకు కారణమొకటి కలదు. ప్రతి వేసవియందును గోపాలపురమున మన సంఘము జరుపు పిల్లల ఉత్సవమునకు స్థలము ఏర్పాటు చేసినది నేను. ఒక పిట్టను మఱియొక పిట్టగా పొరబడుట వలన ఆ ఏర్పాటు జరిగినది. ఆ పొరపాటు ఏమియో మీకు తెలియవలెనన్నచో, ముందుగా ఆ పిట్టలెవ్వియో, వానిని గుర్తించుట ఎట్లో చెప్పక తప్పదు. కావున కొంచెము ఓపిక పట్టవలయునని ప్రార్థన.

బ్రహ్మపురమునకు గోపాలపురము సుమారు 16 కిలోమీటర్లు. మనలో అచ్చటికి పోనివారు లేరు. సాయంకాలము పోయి, దీపస్తంభమును చూచి, పిల్లలకు వేరుసెనగకాయలు కొనిపెట్టి, చీకటి పడకముందే బస్సెక్కి వచ్చుచుందుము. అట్లు పోయినవారికి నీటిమీద తెల్లని పక్షులు కొన్నియు, తడి ఇసుకమీద మట్టిరంగు పక్షులు కొన్నియు కనబడును. మొదటివన్నియు సముద్రపు కాకులు. రెండవవన్నియు "ఏవో పిట్టలు". నాకును ఇరువది యేండ్లపాటు అంతే తెలియును.

గోపాలపురపు జాలరులు, వాడబలిజలు ఇంటిలో మన భాషయే మాటలాడుదురు. ఒడియా వారు వారిని నోళియాలందురు. నా ఖాతాదారులలో చాలమంది వారే. బాకీల వసూలునకై తెల్లవారుజాముననే ఒడ్డునకు పోవుట నాకలవాటు. అలివి వల ఒడ్డునకు చేరువఱకు ఎవరును నాతో మాటలాడరు. చేప చూడనిదే రూపాయి మాట ఎత్తరు. అట్టి వేళల నేను పడవ నీడను కూర్చుండి కాలక్షేపము చేయుచుందును. ఒకనాడు నా ప్రక్కన ఒక వృద్ధ జాలరి కూర్చుండి, వలవంక చూడక, దూరమున సముద్రముపై తిరుగుచున్న తెల్లని పక్షులనే కనిపెట్టుచుండెను. ఏమి చూచుచున్నావు తాతా యని అడిగితిని.

"అయ్యి రామదాసులు బాబూ. అక్కడ మునుగుతన్నాయంటే అడుగున నెత్తళ్ళున్నట్టే. పిట్ట లేనికాడ వలేసి ఏటి లాభం?" అనెను.

అవి సముద్రపు కాకులు కావా యని అడిగితిని. ముసలివాడు నన్ను జాలిగా చూచెను. "కాకి నీళ్ళమీద కూకుంటాది. రామదాసు కూకోదు. అది కూడా తెల్దేటి?" అనెను.

అయ్యలారా! ఆ ఒక్క మాటలో ఉన్నంత శాస్త్రము నాకు ఏ గ్రంథమునను ఒకచోట దొరకలేదు. ఆయన కాకి యన్నది ఇంగ్లీషువారు గల్ అను పక్షి. అది బలిసిన పక్షి; ఱెక్కలు వెడల్పు; తోక కొస చీలియుండదు. బాతువలె నీటిపై తేలును. వల ఒడ్డునకు వచ్చినపుడు పాఱవైచిన చేపలకై మూగునదియు అదియే. రామదాసులను ఇంగ్లీషున టెర్నులందురు. ఇవి సన్ననివి. ఱెక్కలు కొడవలివలె వంగి, కొసలు వాడిగా నుండును. చాలవానికి తోక చీలియుండును. ఎగురునపుడు ముక్కు క్రిందికి వంచి నీటినే చూచుచు పోవును. చేప కనబడగానే గాలిలో ఒక్కచోట ఱెక్కలాడించుచు నిలిచి, విసరిన ఱాయివలె నీటబడి, మరుక్షణమున పైకి లేచును. గల్ జాతిలో చలికాలమున మన తీరమున ఎక్కువగా కనబడుదానికి "గోధుమరంగు తల గలది" అని పేరు. కాని ఆ చలికాలముననే దాని తల తెల్లబడి, కన్ను వెనుక నల్లని చుక్క ఒకటి మాత్రము మిగులును. పేరు చదివి తల వెదకువాడు మోసపోవును. నేను పోయితిని.

తరువాత నేనొక దుర్భిణి కొంటిని. సలీం ఆలీ గారి పక్షి గ్రంథమును తెప్పించితిని. అది 1941లో మొదట వెలువడి, మరల మరల అచ్చయినది. గ్రంథము, దుర్భిణి పట్టుకొని పోయిన మొదటి నెలలో నాకు తెలిసినదేమనగా, రామదాసులన్నియు ఒకటి కావు. వానిని వేఱుచేయుటకు ముక్కును మించిన గుర్తు లేదు. పండు మిరపకాయవలె ఎఱ్ఱని లావు ముక్కు గలది, గల్ అంత పెద్దది, కాస్పియన్ టెర్న్. దానిని ఒకమాఱు చూచినవారు మఱువరు. నారింజరంగు ముక్కు, తలవెనుక దువ్వని జుట్టువలె లేచిన ఈకలు ఉన్నచో చిన్న జుట్టు రామదాసు. అదే జుట్టుండి ముక్కు నిమ్మపండు చాయగా ఉన్నచో అది పెద్ద జుట్టు రామదాసు. నల్లని ముక్కు కొసన పసుపు ముంచినట్లున్నచో శాండ్‌విచ్ టెర్న్. దీనికి సరిగా వ్యతిరేకముగా, పసుపు ముక్కు కొసన నలుపుండునది చిట్టి రామదాసు. నొసలు తెల్లగా, ఒడలు అఱచేయంతగా ఉండును. చలికాలమున దీని ముక్కును నల్లబడును కనుక అప్పుడు పరిమాణమే గుర్తు. లావైన నల్లని ముక్కు గలది గల్-బిల్డ్ టెర్న్. ఇది చిత్రమైన రామదాసు. తక్కినవానివలె నీటిలో మునుగుట దీనికి అరుదు. ఒడ్డుమీద తక్కువ ఎత్తున ఎగురుచు ఇసుకలోని పీతలను ఎత్తుకొని పోవును. ఉత్త నలుపు ముక్కు చూచి శాండ్‌విచ్ టెర్న్ అని మీరు సందేహించినచో, అది తినునదేమో చూడుడు, సందేహము తీఱును.

చిన్న జుట్టు రామదాసు, పెద్ద జుట్టు రామదాసు అను పేర్లు నేను పెట్టుకొన్నవి. వృద్ధుడు వానిని అంగీకరింపలేదు. ఆయనకు అన్నియు రామదాసులే. చేప చూపునా లేదా అన్నదే ఆయనకు ముఖ్యము.

ఇక ఒడ్డున నడచు పిట్టల సంగతి. వీనికి ఉల్లంకులని మన నిఘంటువులలో పేరు కలదు. ఇవి మొదట చూచువారికి నిరాశ కలిగించును. రంగు లేదు, పాట లేదు, అన్నియు ఇసుకరంగు. కాని రంగు చూడక నడక చూచినచో రెండు తెగలుగా విడిపోవును. ఒక తెగ నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున నిలిచి, తలయెత్తి చూచి, ఒక్క పోటు పొడిచి, మరల పరుగెత్తును. కన్నులు పెద్దవి, ముక్కు పొట్టిది. కంటితో వెదకి తిను జాతి. ఇంగ్లీషున ప్లోవర్లందురు. మన పొలములలో రాత్రివేళ అఱచు తీతువు ఈ కుటుంబములోనిదే. రెండవ తెగ కుట్టుమిషను సూదివలె బురదలో ముక్కు గుచ్చుచు, నిలువక సాగిపోవును. ముక్కుతో తడవి తిను జాతి. శాండ్‌పైపర్లు మొదలగునవి ఇట్టివి.

ఈ రెండవ తెగలో నాకు మిక్కిలి ప్రీతియైనది శాండర్లింగ్. అల వెనుకకు పోవునపుడు దాని వెంట పరుగెత్తి, తడి ఇసుకలో ఏదో ఏఱుకొని, అల తిరిగి వచ్చునపుడు కాళ్ళు తడియకుండ పైకి పరుగెత్తి వచ్చును. ఇరువది ముప్పది పక్షులు ఒక్క వరుసగా ఇట్లు దిగుచు ఎక్కుచుండుట చూచినచో, సాయంకాలము ఒడ్డున చీరచెఱగులెత్తి పట్టుకొని పరుగెత్తు మన ఆడపిల్లలు జ్ఞప్తికి వత్తురు. వానికి వెనుకవ్రేలు లేదు. పరుగునకే పుట్టిన పాదము. పాత రేవు శిథిలముల దగ్గఱ ఱాళ్ళను ముక్కుతో తిరగవేసి క్రిందనున్న పురుగులను తినునది టర్న్‌స్టోన్. నారింజరంగు కాళ్ళు దాని గుర్తు. ఉప్పుటేటి మొగ దగ్గఱ, జానెడు ముక్కు క్రిందికి వంగి, ఒంటరిగా నడచు పెద్ద పక్షి కర్లూ. దానికి తమ్మునివలె నుండి, తలపై చారలు, ముక్కు కొంత పొట్టి ఉన్నచో విమ్‌బ్రెల్. దూరమున రూపము తేలనపుడు చెవి యొగ్గుడు: విమ్‌బ్రెల్ ఒక్క స్వరమును ఏడు మార్లు గబగబ ఈలవేయును.

లిటిల్ స్టింట్ అను చిన్న ఉల్లంకి సుమారు 25 గ్రాములు తూగును. నా దుకాణపు త్రాసులో అది ఎంత చిన్న తూనికయో వర్తక మిత్రులకు చెప్పనక్కఱలేదు. ఆ 25 గ్రాములు ఉత్తరధ్రువ ప్రాంతమున గ్రుడ్డునుండి వెలువడి, మన ఒడ్డునకు చలికాలము గడుపుటకు వచ్చును. గాడ్విట్ అను మఱియొక జాతి చిలికాలో అప్పుడప్పుడు కనబడును. 2007లో ఆ జాతి పెట్ట యొకటి ఉపగ్రహమునకు సందేశములు పంపు యంత్రము మోయుచు, అలాస్కానుండి న్యూజిలాండునకు ఎక్కడను దిగక, ఏమియు తినక, 11,000 కిలోమీటర్లకు మించి ఎగిరినది. ఆ ప్రయాణమునకు ఎనిమిది దినములకు పైగా పట్టినది.

ఇట్టి అతిథులలో ఎక్కువభాగము భాద్రపదము నాటికి దిగి, చైత్ర వైశాఖములలో పోవును. పోవుటకు ముందు కొన్ని కొత్త బట్టలు కట్టును. చలికాలమంతయు మట్టిరంగున నుండు శాండ్ ప్లోవర్ ఱొమ్ము అప్పటికి ఇటుకరంగగును. గ్రే ప్లోవర్ కడుపు బొగ్గువలె నల్లబడును. శాండ్ ప్లోవర్లలో చిన్నది, పెద్దది అని రెండు విధములు. ముక్కు మొదటినుండి కన్ను వెనుకటి అంచువఱకు ఎంత దూరమో, ముక్కు పొడవును ఇంచుమించు అంతయే యైనచో చిన్నది; అంతకంటె పొడవైనచో పెద్దది. ఈ కొలత నేర్చుకొని నేను మిక్కిలి గర్వపడితిని. నా పొరపాటు ఇచ్చటనే మొదలైనది.

ఉప్పుటేఱు సముద్రమున కలియు మొగ దగ్గఱ ఒక ఇసుక మేట కలదు. ఊరి సందడి అచ్చటికి చేరదు. దానిపై చిన్న ప్లోవర్లు పదునైదు ఇరువది ఎప్పుడును తిరుగుచుండెను. నేను ముక్కు కొలత చూచి అవి చిన్న శాండ్ ప్లోవర్లని నిశ్చయించితిని. ఆ జాతి హిమాలయములకు ఆవల, టిబెట్టు మొదలగు చోట్ల గ్రుడ్లు పెట్టునని గ్రంథమున చదివితిని. మూడేండ్ల క్రిందట మన వారపత్రికలో ఒక చిన్న వ్యాసము వ్రాసి, వేసవిలో ఆ మేటపై పక్షులుండవనియు, ఒకటి రెండు కనబడినను అవి ప్రయాణము మానుకొన్న లేతపక్షులనియు అచ్చు వేయించితిని. కొన్ని లేతపక్షులు అట్లు ఉండిపోవుట నిజమే. ఆ నిజమే నన్ను ముంచినది.

వృద్ధుడు నాతో ఒకటికి రెండు సార్లు చెప్పెను: "వేసంగిలో ఆ మేట మీద గుడ్లెడతాయి బాబూ. మేం సిన్నప్పుడు సూసినోళ్ళమే." నేను నవ్వి, తాతా, ఈ పిట్టలు టిబెట్టున గ్రుడ్లు పెట్టునని పుస్తకమున ఉన్నదంటిని. ఆయన మఱి మాటలాడలేదు.

ఆ యేడు పిల్లల ఉత్సవమునకు స్థలము వెదకునపుడు కార్యవర్గమున నేనే ఆ మేటను సూచించితిని. ఊరి గొడవ లేదు, ఎవరికిని అడ్డము కాదు, ఖాళీ స్థలము అంటిని. వైశాఖమున షామియానా వేసి, పరుగు పందెములు, బంతియాటలు, భోజనములు, పద్యపఠన పోటీ అన్నియు రెండు సంవత్సరములు అచ్చటనే జరిపితిమి. మీలో చాలమంది వచ్చియున్నారు.

గత వేసవిని, భోజనముల వేళ, ఎనిమిదేండ్ల బాలిక యొకతె నా దగ్గఱకు వచ్చి అఱచేయి తెఱచి, "మామయ్యా, ఇది ఏమి గుడ్డు?" అని అడిగెను. చేతిలో పెంకు ముక్కలు రెండు, పచ్చసొన. పెంకుపై ఇసుకరంగు మీద నల్లని గీతలు. ఎక్కడ దొరకెనని అడుగగా పందిరి గుంజ దగ్గఱ అనెను. పోయి చూచితిని. ఒక పిట్ట ఇసుకపై ఒక ఱెక్క ఈడ్చుచు, కుంటుచు, నాకు ముందుగా పోవుచుండెను. గూటినుండి శత్రువును దూరముగా తీసికొనిపోవుటకు ప్లోవర్లు వేయు వేషమది. ఱెక్కకు ఏమియు కాలేదు. నాకు వీపు చూపి అది పరుగెత్తుచున్నపుడు మొదటిసారిగా దాని మెడ వెనుక చూచితిని. తెల్లని పట్టీ యొకటి మెడచుట్టు పూర్తిగా తిరిగియున్నది. శాండ్ ప్లోవరునకు ఆ పట్టీ లేదు. అది కెంటిష్ ప్లోవర్; మన దేశపు తీరములందే వేసవిలో గ్రుడ్లు పెట్టు జాతి. ఇన్నాళ్ళు ముక్కు కొలిచితిని గాని మెడ వెనుక చూడలేదు. ఱొమ్ముకు ఇరుప్రక్కల నల్లని మచ్చలుండి అవి నడుమ కలియకుండుటయు దాని గుర్తే. అదియు ఎండలో సరిగా చూడక వదలితిని.

ఆ గూడును గురించి కొంచెము చెప్పవలెను. గూడనిన గూడు కాదు. పోటు గీతకు పైన, పొడి ఇసుకలో, ఱొమ్ముతో ఒత్తి చేసిన గుంట. అందు రెండు లేక మూడు గ్రుడ్లు, పెద్ద ఉసిరికాయంతటివి. గులకఱాళ్ళ నడుమ వానిని చూచుట పక్షి నేర్పినవానికే సాధ్యము. నాలుగడుగుల దూరమున నిలిచియు నేను చూడలేకపోతిని. ఇంచుమించు 25 దినములు పొదుగవలెను. చలిదేశములలో పొదుగుట వెచ్చదనమునకు. మన వైశాఖపు ఎండలో చల్లదనమునకు. తల్లిదండ్రులు వంతులవారీగా నీటిలోనికి పోయి, కడుపు ఈకలు తడుపుకొని వచ్చి, గ్రుడ్లపై నిలిచి నీడయు తడియు ఇచ్చును. మనుష్యులు దగ్గఱనున్నంతసేపు ఆ పక్షి గూటికి రాదు. మనము ఒక్క గ్రుడ్డును త్రొక్కకున్నను, ఉదయము 10 గంటలనుండి సాయంకాలము 4 గంటలవఱకు అచ్చట ఉన్నచో చాలును; లోపలిది ఉడికిపోవును. మన పద్యపఠన పోటీ ఒక్కటియే రెండు గంటలు జరిగినది.

మఱునాడు ఒంటరిగా పోయితిని. మేటపై మన పిల్లల అడుగులు, మోటారు సైకిళ్ళ చక్రముల జాడలు, కుక్కల జాడలు. పందిరి వేసిన చోటికి పండ్రెండడుగుల దూరమున మఱియొక గుంట కనబడెను. అందు మూడు గ్రుడ్లు. దూరమున పడవ ప్రక్కన కూర్చుంటిని. అరగంటకు పక్షి వచ్చి కూర్చుండెను. ఆ గూడు దక్కినది. జ్యేష్ఠమున రెండు పిల్లలు, దూదిపింజలకు కాళ్ళు మొలిచినట్లు, పరుగెత్తుట చూచితిని. తక్కిన గూళ్ళు ఎన్ని పోయినవో లెక్కింప నాకు ధైర్యము చాలలేదు.

మన జిల్లాలో గ్రుడ్లను కాపాడుట కొత్త సంగతి కాదు. ఋషికుల్య మొగ దగ్గఱ సముద్రపు తాబేళ్ళు వేలకొలది వచ్చి గ్రుడ్లు పెట్టుట 1994లో లోకమునకు వెల్లడియైనది. అటుపిమ్మట అటవీశాఖవారు కావలి పెట్టిరి, కంచెలు వేసిరి. ఊరి జాలరులును కాపలా కాయుదురు. తాబేలు పెద్దది, ఒక్కరాత్రి గుంపుగా వచ్చును, అందఱికి కనబడును. ఉసిరికాయంత గ్రుడ్డు ఎవరికిని కనబడదు. కనబడనిదానిని కాపాడవలెనన్నచో దాని పేరైనను సరిగా తెలిసియుండవలెను గదా. నేను దానికి పరదేశి పేరు పెట్టినందుననే ఇది ఖాళీ స్థలమని మీకు చెప్పగలిగితిని.

వృద్ధుని మాటను త్రోసి గ్రంథమును ఎందుకు నమ్మితినని నన్ను నేను చాలమాఱులు ప్రశ్నించుకొంటిని. గ్రంథము తప్పు చెప్పలేదు; కెంటిష్ ప్లోవర్ మన తీరమున గ్రుడ్లు పెట్టునని అందులోనే ఉన్నది. నేను మఱియొక పుట తెఱచి చదివితిని. కాని ముసలివాడు ఇంగ్లీషున చెప్పియున్నచో బహుశః వినియుందును. ఇది చెప్పుకొనుటకు సిగ్గుగానే ఉన్నది.

గ్రంథములు వ్రాసినవారు మాత్రము ఇట్టి వృద్ధుల మాట వినియే వ్రాసిరి. జెర్డన్ అను ఇంగ్లీషు వైద్యుడు 1836లో మద్రాసున దిగి, తొలి సంవత్సరములలోనే మన గంజాము జిల్లాలో ఉద్యోగము చేసెను. అప్పుడిది మద్రాసు రాజధానిలోనిది. 1936లో గదా ఒడిశాలో చేరినది. ఆయన 1862 మొదలు 1864 వఱకు ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథమున ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు ఇచ్చెను. ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పియుందురు? వేటగాండ్రు, వలవేయువారు. ఆయన పేరనే పిలువబడు ఒక పక్షి, మన తెలుగున కలివికోడి, అంతరించినదని లోకము తలచుచుండగా, 1986లో కడప ప్రాంతమున స్థానికుల సాయముతో మరల దొరకినది. ఆ పక్షియు ఈ ఉల్లంకులకు దూరపు చుట్టమే.

మఱియొక చిన్న విశేషము. దక్షిణ భారతమున, సింహళమున నుండు కెంటిష్ ప్లోవర్లు వేఱు జాతియని 2023లో పండితులు తేల్చిరి. దానికి ఇంగ్లీషువారు పెట్టిన పేరేమో తెలియునా? హనుమాన్ ప్లోవర్. సేతువు కట్టిన తావుల మసలు పక్షి యని ఆ పేరు పెట్టిరి. మన జాలరులు టెర్నును రామదాసని ఎన్నడో పిలిచిరి. హనుమంతుని మించిన రామదాసుడెవరు? ఒక్క ఒడ్డున ఇద్దఱు రామదాసులైరని వృద్ధునితో చెప్పగా ఆయన చాలసేపు నవ్వెను.

మన పిల్లలు బడిలో ఒడియా చదువుదురు, పుస్తకమున ఇంగ్లీషు చదువుదురు. ఇంటిలో తెలుగు మాటలాడుదురు గాని ఆ తెలుగు వంటింటికి, కొట్టునకు చాలినంతయే. తెలుగు ఉపాధ్యాయులు కావలెనని మనము అర్జీలు వ్రాయుచునే ఉన్నాము, వ్రాయవలసినదే. కాని గోపాలపురపు పెద్దలనోట ఉన్న చేపల పేర్లు, గాలుల పేర్లు, పిట్టల పేర్లు వ్రాసికొనుటకు ఏ కార్యాలయపు అనుమతియు అక్కఱలేదు. వారి మనుమలు సూరతునకో, మద్రాసునకో పనికి పోవుచున్నారు. మన పత్రికలో వారమునకు నాలుగు పంక్తులు ఇందులకు కేటాయింపవలెనని సంపాదకులను కోరియున్నాను, సరేయన్నారు.

ఇక ఉత్సవపు మాట. ఈ యేడు దానిని మేటమీద జరుపరాదని నా ప్రతిపాదన. దానికి బదులు ఒడ్డునకు వెనుక మొగలిపొదలు దాటినపిమ్మట నున్న సరుగుడు తోటను చూచివచ్చితిని. ఇందులకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. సముద్రము కనబడనిచో పిల్లలకు సరదా ఏమున్నదని ఒకటి. నూఱడుగులు నడచినచో సముద్రమే. ఊరివైపు ఒడ్డున గూళ్ళు లేవు, అచ్చట ఎంతసేపైనను ఆడుకొనవచ్చును. షామియానాకు బయానా ఇచ్చివేసితిమని రెండవది. తోటలో నీడయున్నది గనుక షామియానా అక్కఱయే లేదు. బయానా తిరిగి రానిచో ఆ మొత్తము నేను పెట్టుకొందును. స్థలము చూపినది నేను గనుక అది న్యాయమే. పిట్టలకొఱకు మనుష్యులు తొలగవలెనా యని ఒక పెద్దమనిషి అడిగినారు. ఏడాదిలో పదునైదు వారములు, అదియు ఆ ఒక్క మేటనుండి మాత్రమే తొలగుడని అడుగుచున్నాను. కార్యవర్గము వచ్చు వారము నిర్ణయింపవలెను. చైత్రము వచ్చినపిమ్మట నిర్ణయించి ప్రయోజనము లేదు.

నా మాటలమీద ఎవరును ఓటు వేయవలదు. వచ్చు ఆదివారము ఉదయము 5 గంటలకు ఈ భవనము వాకిట బస్సు నిలుచును. ఆనాడు ఉదయము 8 గంటల ప్రాంతమున పోటు నిండునని జాలరులు చెప్పిరి. పోటు నిండు వేళ ఉల్లంకులకు తినుటకు తావుండదు. అన్నియు మేటపైకి చేరి, గాలికి ఎదురుగా ముఖముంచి, ఒంటికాలిపై నిలుచుండును. చూచుటకు అంతకు మించిన సమయము లేదు. పాటు మొదలయినచో చెదరిపోవును. సూర్యుని వీపున ఉంచుకొని నిలువవలెను. తెల్లని చొక్కాలు, మెఱయు చీరలు వలదు. దుర్భిణులు రెండు మాత్రమే ఉన్నవి గనుక వంతులవారీగా చూతము. ఎవరికైనను కాలికి కడియమో, రంగు పట్టీయో ఉన్న పక్షి కనబడినచో, పట్టీ రంగు, దానిపై అక్షరములు వ్రాసికొనుడు. పరిశోధకులు వేసిన గుర్తులవి. ఇప్పుడు గూళ్ళు లేవు కాబట్టి మేట అంచువఱకు పోవుటకు అభ్యంతరము లేదు.

ఆ వృద్ధ జాలరిని రమ్మని పిలిచియున్నాను. వల లేని దినమైనచో వత్తునన్నాడు. ఆయన వచ్చినచో నేను మాటలాడను.